ఎయిర్ ఫ్రయర్‌లో గోబీ 65: నూనె తగ్గుతుంది, పని తగ్గదు

ఎయిర్ ఫ్రయర్ కొనేముందు అందరూ బంగాళదుంప వేపుడు ఎలా వస్తుందనే అడుగుతారు. అసలు పరీక్ష కాలీఫ్లవర్‌తో పెట్టాలి. దుంపలో పిండి ఉంటుంది, చికెన్‌లో కొవ్వు ఉంటుంది, ఆ రెండూ వాటంతట అవే కొంత ఎర్రబడతాయి. కాలీఫ్లవర్ బరువులో 90 శాతం పైగా నీళ్లే. ఆ నీళ్లను బయటికి పంపి పైపొరను కరకరలాడించగలిగితే మిగతా కూరగాయల గురించి బెంగ అక్కర్లేదు. నాలుగు లీటర్ల ప్రాంతంలో ఉండే, 1400 వాట్ల బుట్ట రకం ఎయిర్ ఫ్రయర్ ఈ పని చేస్తుందా అంటే, చేస్తుంది. కాకపోతే మూకుడులో వేయించే పద్ధతిని యథాతథంగా ఇందులోకి తెస్తే చేయదు.

ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఈ పేరుతో తన యంత్రాన్ని తెచ్చినప్పటి నుంచీ 'ఫ్రయర్' అనే మాట అలాగే ఉండిపోయింది. నిజానికి ఇది గాలి బాగా వీచే చిన్న ఒవెన్. పైన కాయిల్, దాని మీద ఫ్యాను, కింద చిల్లుల జాలీ ఉన్న బుట్ట. వేడిగాలి పైనుంచి దిగి, ముక్కల సందుల్లోంచి దూరి, మళ్లీ పైకి వెళుతుంది. మరిగే నూనెలో బజ్జీ వేస్తే పిండి పడీపడగానే గట్టిపడుతుంది. గాలికి ఆ జోరు లేదు. జారుడు పిండిలో ముంచిన ముక్కను బుట్టలో పెడితే పిండి గట్టిపడేలోపే చిల్లుల్లోంచి కారి, అడుగున అట్టు కడుతుంది. ముక్క బోసిగా మిగులుతుంది. చాలామంది మొదటిసారే నిరాశపడేది ఇక్కడే. తప్పు యంత్రానిది కాదు, పలచని పిండిది.

కాలీఫ్లవర్ శుభ్రం చేయడంలోనే సగం ఫలితం తేలిపోతుంది. పురుగుల భయంతో వేడినీళ్లలో వేయక తప్పదు. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి, ఒక టీస్పూన్ ఉప్పు, అర టీస్పూన్ పసుపు వేసి, ముక్కలను రెండు నిమిషాలు మాత్రం ఉంచాలి. ఐదు నిమిషాలు దాటితే కాడ మెత్తబడి, వేగాక లోపల ముద్దలా ఉంటుంది. తర్వాత చిల్లుల గిన్నెలో వంపేసి ఊరుకోకూడదు. పువ్వు భాగంలోని సందుల్లో నీళ్లు దాక్కుంటాయి. పొడి నూలు గుడ్డ పరిచి, పువ్వు కిందికి, కాడ పైకి ఉండేలా ముక్కలను బోర్లించి, ఫ్యాను కింద 20 నుంచి 25 నిమిషాలు ఆరబెట్టాలి. ఈ మెట్టు దాటవేసి, ఉష్ణోగ్రత పెంచి సరిచేసుకుందామనుకుంటే కుదరదు. తడి ఉన్నంతసేపూ పైపొర వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రబడటానికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. అందుకే తడిముక్క ముందు ఉడికి, ఆ తర్వాత వాడిపోతుంది తప్ప వేగదు.

ముక్క మూడు, నాలుగు సెంటీమీటర్లు ఉంటే సరి. చిన్న రెమ్మల కొసలు మాడతాయి, పెద్దవాటి కాడ పచ్చిగా ఉంటుంది. వీలైతే ప్రతి ముక్కకూ ఒకవైపు కాడను చాకుతో చదునుగా కోయండి. ఆ చదును వైపు జాలీకి ఆనుకుని బాగా ఎర్రబడుతుంది.

ఇక పట్టించే పిండి. 300 గ్రాముల ముక్కలకు అల్లం వెల్లుల్లి ముద్ద ఒక టీస్పూన్, కారం ఒక టీస్పూన్, గరం మసాలా అర టీస్పూన్, ఉప్పు ముప్పావు టీస్పూన్, గట్టి పెరుగు ఒక టేబుల్ స్పూన్, నూనె రెండు టీస్పూన్లు. ఇవన్నీ ముందు ముక్కలకు పట్టించి, ఆ పైన రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్, ఒక టేబుల్ స్పూన్ బియ్యప్పిండి, ఒక టేబుల్ స్పూన్ శనగపిండి చల్లి కలపాలి. నీళ్లు పోయకండి. మరీ పొడిగా ఉండి పిండి రాలుతుంటే చేతిని తడిపి కలిపితే చాలు. ప్రతి పిండికీ ఒక పని ఉంది. కార్న్‌ఫ్లోర్ పలుచని పెళుసు పొరనిస్తుంది, కానీ ఎర్రబడటానికి కావాల్సిన మాంసకృత్తులు దానిలో దాదాపు ఉండవు కాబట్టి ఒక్కదాన్నే వాడితే ముక్కలు వేగినా తెల్లబోయి కనిపిస్తాయి. ఆ ఎర్రటి రంగు శనగపిండి, పెరుగు ఇస్తాయి. బియ్యప్పిండి కరకరను మరికాసేపు నిలుపుతుంది. మైదా వేస్తే నూనెలో బాగుంటుంది గానీ, ఇందులో తోలులా సాగుతుంది. మైదా వద్దనే మా మాట.

పిండి కలిపాక నానబెట్టొద్దు. ఉప్పు ముక్కలోంచి నీళ్లు లాగుతుంది, అరగంటలో పిండి జారుడవుతుంది. చికెన్ 65కి నానడం మంచిదే, గోబీకి చెడ్డది. మసాలా కలుపుతూ ఉండగానే ఫ్రయర్‌ను 180 డిగ్రీల మీద నాలుగు నిమిషాలు ఖాళీగా వేడి చేసుకోండి.

వేడెక్కిన జాలీకి బ్రష్‌తో నూనె రాసి, ముక్కలను ఒకే వరసలో, మధ్యలో వేలు పట్టే సందుతో పేర్చాలి. 180 డిగ్రీల మీద 12 నిమిషాలు. మొదటి ఏడు నిమిషాలు బుట్టను కదపకండి. పిండి ఇంకా అంటుకోలేదు, ఊపితే ముక్కలు ఒకదానికొకటి రాసుకుని పొర ఊడిపోతుంది. ఏడో నిమిషంలో పట్టుకారుతో ఒక్కొక్కటీ తిప్పి, తెల్లగా పొడిపొడిగా కనిపించిన చోటల్లా నూనె రాయాలి. ఇది అలంకారం కాదు. నూనె అందని పిండి ఎంతసేపు ఉంచినా పచ్చిపిండిగానే ఉండి నాలుకకు సుద్దముక్కలా తగులుతుంది. దీనికి ఇంకో రెండు టీస్పూన్లు పడుతుంది. అంటే మొత్తం నాలుగు టీస్పూన్లు, 20 మిల్లీలీటర్లు. మూకుడులో అర లీటరు పోసి, మిగిలిన నల్లనూనెను ఏం చేయాలో తెలియక దాచుకునే బాధ ఉండదు. చివరగా 200 డిగ్రీలకు పెంచి మూడు, నాలుగు నిమిషాలు. ఈ దశలో పక్కకు వెళ్లొద్దు. రెండో నిమిషానికి బంగారు రంగులో ఉన్న కొసలు ఐదో నిమిషానికి చేదెక్కుతాయి. మొదటి నుంచే 200 పెడితే అల్లం వెల్లుల్లి మాడుతుంది, కాడ మాత్రం పచ్చిగా మిగులుతుంది.

కరివేపాకును బుట్టలో వేయకండి. ఆకు తేలిక, ఫ్యాను దాన్ని ఎగరేసి కాయిల్‌కు అంటిస్తుంది, పొగ వస్తుంది. చిన్న గరిటెలో ఒక టీస్పూన్ నూనెతో కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి వేయించి చివర్లో కలిపితే గోబీ 65కి ఆ వాసన వస్తుంది. బుట్టలో పరిచే కాగితాల విషయంలోనూ జాగ్రత్త. చిల్లుల్ని మూసేస్తే కింద గాలి ఆడదు, ముక్క అడుగు చెమటపడుతుంది. వేడి చేసేటప్పుడు ఖాళీ బుట్టలో కాగితం ఉంచితే అదీ ఎగిరి కాయిల్‌కే అంటుకుంటుంది.

హోటల్ రంగు మాత్రం రాదు, రాకపోవడమే మంచిది. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించింది. ఎరుపు కావాలంటే కారంలో సగం కాశ్మీరీ మిర్చిపొడి వాడుకోండి, చాలినంత రంగు వస్తుంది.

మంచూరియాకు ఈ యంత్రాన్ని సిఫారసు చేయలేం. ఎయిర్ ఫ్రయర్‌లో వచ్చే పొర పలచన, సాస్‌లో వేసిన రెండు నిమిషాలకే మెత్తబడుతుంది. తప్పదనుకుంటే సాస్‌ను బాగా చిక్కబరచి, వడ్డించే క్షణంలో కలపాలి. బజ్జీ ఆలోచనే వదిలేయండి. మామూలు కాలీఫ్లవర్ వేపుడుకు మాత్రం ఇది గొప్పగా పనికొస్తుంది, ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. రెండు సెంటీమీటర్ల ముక్కలకు ఉప్పు, పసుపు, రెండు టీస్పూన్ల నూనె పట్టించి, 170 డిగ్రీల మీద 12 నుంచి 14 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు ఊపుతూ వేయించాలి. పిండి లేదు కాబట్టి ఊపినా ఏం కాదు. పోపులో వెల్లుల్లి కారం వేసి ఆ ముక్కల్ని కలిపితే పప్పుచారు పక్కన అంతకంటే ఏం కావాలి! కారం ముందే వేస్తే పొడిగాలికి మాడి ఘాటు దగ్గు తెప్పిస్తుంది.

పెట్టె మీద రాసిన లీటర్లను చూసి మోసపోకండి. కాలీఫ్లవర్‌కు కావాల్సింది లోతు కాదు, అడుగు వెడల్పు. ఈ సైజు బుట్టలో ఒక వరసకు 250 నుంచి 300 గ్రాములే పడతాయి. నలుగురున్న ఇంట్లో రెండు వాయిలు తప్పవు, రెండూ కలిపి 40 నిమిషాలు. ఒకేసారి కుక్కితే ఆవిరికి ఉడికిన కూర వస్తుంది. దీని అసలు లోపం ఇదే. ట్రేలున్న పెద్ద ఒవెన్ రకంలో ఎక్కువ పడతాయి గానీ, పై ట్రే మాడుతూ కింది ట్రే పాలిపోతుంది, మధ్యలో ట్రేలు మార్చాలి.

ఒక వాయికి వేడెక్కే సమయంతో కలిపి 20 నిమిషాలు వేసుకున్నా కరెంటు అర యూనిట్ దాటదు. కానీ 1400 వాట్లు అంటే 230 వోల్టుల మీద ఆరు ఆంపియర్లు దాటుతుంది. మిక్సీ పెట్టే చిన్న సాకెట్‌లోనో, ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో పెట్టొద్దు, 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడి యంత్రాన్ని పట్టుకెళ్లి లాభం లేదు, అక్కడి 120 వోల్టులకు ఇది సరిగా వేడెక్కదు. అక్కడి ఫ్రయర్‌లో 180కి బదులు 360, 200కి బదులు 390 ఫారెన్‌హీట్ పెట్టుకోవాలి.

బుట్ట నల్లపూత చాలా సున్నితం. స్టీలు అట్లకాడ, స్టీలు పీచు తగలకూడదు. డబ్బాలో వచ్చే వంట స్ప్రేలు పూత మీద జిగురుగా పేరుకుని దాన్ని పాడుచేస్తాయి, మామూలు నూనె, బ్రష్ చాలు. వేడి బుట్ట మీద చన్నీళ్లు పోయకండి. చల్లారాక గోరువెచ్చని సబ్బునీళ్లలో పది నిమిషాలు నానితే పిండి మరకలు మెత్తని స్పాంజికే వస్తాయి.

తీసిన ముక్కల్ని మూతపెట్టిన డబ్బాలో వేస్తే తమ ఆవిరికే మెత్తబడతాయి. వెడల్పాటి పళ్లెంలో విడివిడిగా పరచండి, పది నిమిషాల్లో తినేయండి. మిగిలితే మర్నాడు 180 మీద మూడు నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. మూకుడులో వేయించినవాటినైనా సరే, ఇందులో అలాగే వేడి చేసుకోవచ్చు.