గోలీ అన్నారు, అరగంటలో ముగించారు

ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో, యామూసుక్రోలో దిగిన హోటల్లో "బావులే గోలీ నాట్యం" (బావులే తెగవాళ్ల ముసుగుల నాట్యం) అంటూ 50,000 సీఎఫ్‌ఏ ఫ్రాంకులు, అంటే 76 యూరోలు తీసుకుని అరగంటలో ముగించారు. వచ్చిన ముసుగులు రెండే. ఒకటి పళ్లెంలా గుండ్రటి ముఖం, పైన కొమ్ములున్న క్ప్లే క్ప్లే. రెండోది జౌలీ. చూడముచ్చటగానే ఉంది కానీ అది పొరుగు తెగ గురో వాళ్లది, బావులేలది కాదు. మాతో వచ్చిన పెద్దాయన మాట్లాడకుండా గదికి వెళ్లిపోయారు.

అసలు గోలీ పొద్దంతా సాగుతుంది. నాలుగు జతలు వరసగా రావాలి: క్ప్లే క్ప్లే, కొమ్ములూ పెద్ద నోరూ ఉన్న జంతువు తలలాంటి గోలీ గ్లిన్, ఆపైన క్పాన్ ప్రే, చివర కొప్పు ఎత్తుగా చెక్కిన మనిషి ముఖంతో క్పాన్. మొదటి రెండూ మగవి, తర్వాతివి ఆడవి. మగవాటిలోనూ ఆడవాటిలోనూ హోదాలో చిన్నది ముందు, పెద్దది తర్వాత. క్ప్లే క్ప్లేతో ఆపేస్తే తోలుబొమ్మలాటలో కేతిగాణ్ణి చూసి లేచొచ్చినట్టే. చెక్క ముఖం ఒక్కటే ముసుగు కాదు. ఈత నారలాంటి రాఫియా దుస్తులు, వీపున తోలు, సొరకాయ బుర్రల గిలకలు, పాట అన్నీ కలిస్తేనే గోలీ.

హోటల్ ప్రదర్శనకు డబ్బు పెట్టకండి. ఈస్టర్‌కు బావులే ఊళ్లకు వెళ్లండి. అక్కడి పెద్ద నగరం అబిజాన్‌లో ఉండే బావులేలు "పాకినూ" అంటూ సొంతూళ్లకు చేరే రోజులవి. బస్సులు కిక్కిరిసిపోతాయి, టికెట్లు ముందే కొనాలి. ఊళ్లోకి వెళ్లగానే కెమెరా తీయొద్దు. ముందు పెద్ద దగ్గర కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, వచ్చిన పని చెప్పాలి. బోను అముయిన్ అనే పవిత్రమైన ముసుగులను ఆడవాళ్లు చూడకూడదు. ఇంటి లోపలికి వెళ్లమంటే వాదించకుండా వెళ్లాలి.

ముసుగు కొనేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. ఆడిన ముసుగుకు నుదురు, ముక్కు తగిలేచోట చెమటకు నల్లబడి నునుపెక్కుతుంది. దుస్తులు కట్టే అంచు రంధ్రాలు తాడు రాపిడికి ఒకవైపు అరుగుతాయి. రంధ్రాలన్నీ డ్రిల్లుతో వేసినట్టు ఒకేలా ఉండి, లోపలంతా ఒకే నలుపుంటే అది బూట్ పాలిషో, పొగో. కొత్తదని చెప్పి అమ్మితే తప్పేం లేదు, పాతదని ధర చెప్పడమే మోసం. పచ్చి చెక్కయితే మన ఎండలకు పగులుతుంది కూడా. ఇంటికొచ్చాక సన్నటి పొడి రాలుతుంటే పురుగుంది. గాలి చొరకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో పెట్టండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి, చెక్కకు తేమ పడుతుంది.