ఎరి దిగిన చోటు చూద్దామని వెళ్తే: అగులేరి, న్రి

నైజీరియాలో అనాంబ్రా రాష్ట్ర రాజధాని ఆవ్కాలో హోటల్ రిసెప్షన్ వాళ్ళు "హిస్టరీ టూర్‌కి గైడ్‌ని మేమే మాట్లాడి పెడతాం సార్" అంటే ఒక నమస్కారం పెట్టి తప్పుకోండి. ముఖ్యంగా ఆ ముక్క చెప్పడానికే ఇది రాస్తున్నా.

మేం ఉండేది లాగోస్‌లో, మందుల కంపెనీ ఉద్యోగం. మా గోడౌన్ సూపర్‌వైజర్‌ది నైజీరియా తూర్పు వైపు, అనాంబ్రా రాష్ట్రంలోని న్రి. అక్కడి ఇగ్బో జాతివాళ్ళ ఆచారాలన్నిటికీ పుట్టిల్లు తమ ఊరేనని అతను ఎప్పట్నుంచో ఊరిస్తున్నాడు. బెజవాడ నుంచి మా తోడల్లుడు వచ్చిన సందు చూసుకుని నేనూ, మా ఆవిడా, ఆయనా న్రి, వాళ్ళ మూలపురుషుడు ఎరి దిగాడనే అగులేరి చూద్దామని బయల్దేరాం. లాగోస్ నుంచి ఉముఎరి విమానాశ్రయానికి మనిషికి 1,18,000 నైరాలు. (అప్పట్లో వెయ్యి నైరాలంటే మన యాభై అయిదు రూపాయలు, కాస్త అటూ ఇటూగా.) విమానం టైముకే దిగింది, దాని గురించి చెప్పడానికేం లేదు.

హోటల్ గురించి మాత్రం చాలా ఉంది. గది రోజుకి 42,000, డిపాజిట్ 20,000. బోర్డు మీద "24 గంటలూ కరెంటు" అని పెద్దక్షరాలతో రాసుకున్నారు. రాత్రి పదకొండింటికి జనరేటర్ ఠక్కున ఆగిపోయింది. దాంతోపాటే ఏసీ, ఫ్యాను, పంపులో నీళ్ళూ. కిందికి వెళ్ళి అడిగితే మేనేజర్ కుర్చీలోంచి లేవకుండానే "డీజిల్ రేటెంతో తెలుసా ఓగా (బాసూ)?" అన్నాడు. మరి బోర్డు సంగతేంటంటే "కరెంటాఫీసు వాళ్ళు ఇస్తే 24 గంటలే కదా" అన్నాడు. ఖాళీ చేసేటప్పుడు తువ్వాలు వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అంచున ఎర్రటి మరక చూపించి, డిపాజిట్‌లో 6,500 కోసేశాడు. ఆ ప్రాంతమంతా ఎర్రమట్టే. ముఖం తుడుచుకున్నా అంటుతుంది. మా ఆవిడ ఆ తువ్వాలు లాక్కుని వెళ్ళి, సబ్బు పెట్టి ఉతికి, మరక పోగొట్టి తెచ్చి తడితడిగానే కౌంటర్ మీద పెట్టింది. అయినా డబ్బులు రాలేదు. కారెక్కాక చాలాసేపు ఎవరం నోరు మెదపలేదు.

ఆ ముందురోజు అగులేరి తీసుకెళ్ళిన గైడ్ కూడా ఈ హోటల్ వాళ్ళు అంటగట్టినవాడే. 80,000 అడిగితే మా తోడల్లుడు బేరమాడి 60,000కి దింపాడు. కారుకి 45,000 వేరే. ఒమంబలా నది ఒడ్డునున్న ఊరు అగులేరి. ఇగ్బోల్లో చాలా ఊళ్ళవాళ్ళు మూలపురుషుడిగా చెప్పుకునే ఎరి మొదట కాలు పెట్టింది అక్కడే అంటారు. గైడ్ దారి పొడుగునా ఒకటే కథ చెప్పాడు: బైబిల్లోని యాకోబుకి గాదు అనే కొడుకు, ఆ గాదు కొడుకు ఏరీ, ఆ ఏరీయే ఈ ఎరి, ఆయన ఇశ్రాయేలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, అయిపోయింది. ఆదికాండం 46వ అధ్యాయంలో గాదు కొడుకుల పేర్లలో ఏరీ ఉన్నమాట నిజమే. తాము ఇశ్రాయేలు సంతతేనని మనసారా నమ్మే ఇగ్బోలు ఎందరో ఉన్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. ఆకాశం నుంచి దిగాడనే కథ కూడా ఉందట కదా అని అడిగితే "అది పల్లెటూరి ముసలాళ్ళు చెప్పేది, టూరిస్టులకి అక్కర్లేదు" అన్నాడే, అక్కడ మండింది నాకు. రేవు దాకా తీసుకెళ్ళమంటే ఇంకో 15,000 అన్నాడు. కారులోంచే నది చూపించి వెనక్కి తిప్పేశాడు.

న్రిలో మాకు గైడే లేడు. సూపర్‌వైజర్ వాళ్ళ పెద్దనాన్న ఇంటికి వెళ్ళాం. కోలా కాయలు (అతిథి మర్యాదకి విరిచి పంచే చేదు గింజలు), ఒక జిన్ సీసా, ఆడవాళ్ళకి మాల్ట్ డ్రింకు డబ్బాలు, అన్నీ కలిపి 21,000. అదే ప్రవేశ రుసుము అనుకోండి. కోలా పళ్ళెం ఇంటి పెద్ద దగ్గర మొదలై వరసలు చూసుకుంటూ అందరి ముందుకీ వెళ్ళి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది. ఆయన ఇగ్బోలో ప్రార్థన చేశాక ఒక కుర్రాడు విరిచాడు. నాలుగు పలుకులొచ్చాయి. ఎకె, ఒరియె, ఆఫో, ఎన్క్వో అని నాలుగు సంత రోజులు కలిస్తే వాళ్ళకి వారం, అందుకని నాలుగు శుభం. వేరుశనగ, మిరప కలిపి నూరిన ముద్దలో అద్దుకుని తినాలి. ఆడవాళ్ళు కోలా విరవకూడదట. మా ఆవిడ ముఖం ముడుచుకుంది గానీ, ఆ ముద్ద రెండోసారి వడ్డించుకుంది.

అప్పుడు చెప్పాడు పెద్దాయన. ఎరినీ, భార్య న్నమాకునీ చుక్వు, అంటే వాళ్ళ పరమేశ్వరుడు, ఆకాశం నుంచి పంపాడు. దిగి చూస్తే కింద నేలంతా బురద, ఎరి ఒక చీమలపుట్ట మీద నిలబడ్డాడు. మొర పెట్టుకుంటే చుక్వు ఆవ్కా కమ్మరిని పంపాడు. అతను కొలిమి తిత్తి, బొగ్గులు తెచ్చి నిప్పు ఊది నేల ఆరబెట్టాడు. (పెద్దాయన రెండు పిడికిళ్ళూ పైకీ కిందికీ ఆడిస్తూ తిత్తి ఊది చూపించాడు.) ఎరి చనిపోయాక ఆకాశం నుంచి వచ్చే తిండి ఆగిపోయింది. కొడుకు న్రి (ఊరి పేరు ఆయనదే) అడిగితే, నీ పెద్దకొడుకునీ పెద్దకూతుర్నీ బలివ్వమన్నాడు చుక్వు. పన్నెండు రోజులకి కొడుకు సమాధి మీద పెండలం, కూతురి సమాధి మీద చేమ మొలిచాయి. అలాగే బలిచ్చిన ఒక దాసుడు, ఒక దాసి సమాధుల మీద ఆయిల్‌పామ్, ఉక్వా చెట్లు వచ్చాయి. ఆ విత్తనాలు లోకానికి పంచినందుకే న్రి వాళ్ళకి ఊరూరా తిరిగి పాపాలు కడిగే హక్కు దక్కింది.

"ఇంతకీ ఏది నిజం అన్నయ్యగారూ?" అని తోడల్లుడు నా చెవిలో గొణిగాడు. సూపర్‌వైజర్ విని అలాగే ఇగ్బోలో అడిగేశాడు. పెద్దాయన నవ్వి, అగులేరి వాళ్ళు తామే పెద్దన్నలం అంటారనీ, అది నిజమేననీ, పెండలం దుంప మాత్రం తమకి దొరికిందనీ అన్నాడు. అంతటితో ఆపకుండా, తాము వచ్చేసరికే అదామా అనే వంశం వాళ్ళు ఈ నేల మీద ఉన్నారని కూడా చెప్పాడు. న్రి రాజు ఎజె న్రికి పట్టం కట్టే తంతులో నేటికీ వాళ్ళ చెయ్యి లేందే కుదరదు. కొత్త రాజు అగులేరి వెళ్ళాలి. ఒమంబలా అడుగు నుంచి గజ ఈతగాడు తెచ్చిన మట్టిముద్దతో పూజకుండ చెయ్యాలి. ముందురోజు 60,000 పోసి ఆ నది చూసొచ్చిన మాకు ఈ సంగతి తెలీనే తెలీదు.

ఇక్కడ ఊరి పుట్టుక కథంటే పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. విమానం దిగిన ఉముఎరి కూడా ఎరి పిల్లల ఊరే. అగులేరికీ దానికీ ఒతువొచా అనే చోటి నేల ఎవరిదనే గొడవలో 1995లో, మళ్ళీ 1999లో ప్రాణాలు పోయాయి, ఇళ్ళు తగలబడ్డాయి. 1911లో బ్రిటిష్‌వాళ్ళు ఎజె న్రి ఒబాలికేని ఆవ్కా కోర్టుకి రప్పించి, ఊళ్ళ మీద న్రికున్న అధికారాన్ని ఆయన నోటితోనే వదులుకునేలా చేశారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఒక్కసారే పెద్దాయన గొంతు పెంచాడు.

మధ్యాహ్నం భోజనం ఉక్వా. ఆ కథలోని చెట్టు గింజలే. సీమపనసకి దగ్గరి జాతి, ఆఫ్రికాది. గింజలు పొట్టు తీసి మెత్తగా ఉడికించి, పచ్చికొబ్బరి ముక్కలతో పెట్టారు. ఉడికిన నీళ్ళు గ్లాసుల్లో పోసి విడిగా ఇచ్చారు, కాస్త తియ్యగా, చిక్కగా. శాకాహారి అయిన మా ఆవిడకి ఎక్కడికెళ్ళినా సూపులో ఎండుచేప తగులుతోంది, అప్పటిదాకా అరటికాయ వేపుడుతో నెట్టుకొస్తోంది. ఇక్కడ రెండు గిన్నెలు తింది. హోటల్ వాడిని క్షమించలేదు గానీ, అనాంబ్రాని క్షమించింది. డబ్బు ఇవ్వబోతే ఇంటావిడ చెయ్యి వెనక్కి నెట్టింది.

ఇగ్బో-ఉక్వు కూడా చూశాం. 1938లో ఐజయా అనోజీ అనే ఆయన ఇంటి ఆవరణలో నీళ్ళతొట్టి తవ్వుతుంటే కంచు పాత్రలు బయటపడిన ఊరు. తర్వాత పురావస్తు శాస్త్రవేత్త థర్స్టన్ షా తవ్వకాల్లో లక్షా అరవై వేలకి పైగా పూసలు దొరికాయి, కాలం తొమ్మిదో శతాబ్దం అని లెక్క తేల్చారు. చాలా వస్తువులు లాగోస్ మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి వాటికోసమే ఇంతదూరం రానక్కర్లేదు.

తిరుగు ప్రయాణం సియెన్నా అనే వ్యాన్‌లో, ఒనిచా మీదుగా, మనిషికి 38,000. (ఒనిచా వాళ్ళని అడిగితే ఎరి ఊసే ఎత్తరు, ఎజె చిమా అనే నాయకుడి వెంట బెనిన్ రాజ్యం వైపు నుంచి వచ్చామంటారు.) చీకటి పడ్డాక రోడ్డెక్కొద్దు. చెక్‌పోస్టుల్లో మాకైతే పాస్‌పోర్టు కాపీ సరిపోయింది. సోమవారం పెట్టుకోవద్దు. 2021లో వేర్పాటువాదుల పిలుపుతో సోమవారాల బంద్ మొదలైంది. ఇప్పుడు సడలిందని కొందరంటారు గానీ, వాళ్ళ మాట నమ్మి ఆవ్కాలో ఆ హోటల్లో ఇంకో రాత్రి గడపడం మాత్రం నావల్ల కాదు.