ఫిలిప్పీన్స్‌కు పాలన, క్యూబాకు పగ్గం: 1898లో అమెరికా రెండు దారులు

స్పెయిన్‌ను ఓడించాక అమెరికా ముందు రెండు దారులున్నాయి. స్పెయిన్ ఏలిన దీవులను తనలో కలిపేసుకోవడం ఒకటి, పేరుకు వదిలేసి పగ్గం చేతిలో ఉంచుకోవడం ఇంకొకటి. రెండూ చేసింది.

ఫిలిప్పీన్స్‌ను కలుపుకుంది, స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు ఇచ్చి మరీ. చైనా మార్కెట్ మీద కన్ను ఎలాగూ ఉంది, కానీ నన్ను ఎక్కువ ఆకట్టుకునేది బొగ్గు. బొగ్గు అయిపోతే ఎంత పెద్ద యుద్ధనౌకైనా కదలదు. ఫిలిప్పీన్స్‌లోని మనీలా మీదికి వెళ్లాల్సిన అమెరికా నౌకాధికారి డ్యూయీ దళం బ్రిటిష్ పాలనలోని హాంకాంగ్‌లో ఉండగా యుద్ధం మొదలైంది. తటస్థులమంటూ బ్రిటిష్‌వాళ్లు రేవు ఖాళీ చేయమన్నారు. ఆయన ముందుచూపుతో ఒక బొగ్గు ఓడను సరుకుతో సహా కొనిపెట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆసియాలో సొంత రేవు లేకపోతే పడే అవస్థ అది.

ఆ రేవు ఖరీదు తర్వాత తెలిసొచ్చింది. స్వాతంత్ర్యం కోరిన ఫిలిప్పీనో నాయకుడు అగినాల్డో సేనలతో 1899 ఫిబ్రవరిలో మొదలైన యుద్ధంలో 4 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు పోయారు. ఫిలిప్పీనోల ప్రాణనష్టం అంతకు ఎన్నో రెట్లు.

క్యూబాను కలుపుకోబోమని మాత్రం అమెరికా కాంగ్రెస్ చేసిన టెల్లర్ సవరణతో ముందే మాటిచ్చేశారు. మాట తప్పలేదు, మెలిక పెట్టారు. అమెరికా షరతులున్న 1901 నాటి ప్లాట్ సవరణను క్యూబా తన రాజ్యాంగంలో చేర్చుకుంటేనే అమెరికా సైన్యం వెళ్తుందన్నారు. క్యూబా వ్యవహారాల్లో అమెరికా జోక్యం చేసుకునే హక్కు అందులోదే. ఖర్చు తక్కువ, పట్టు ఎక్కువ! దొరతనం లెక్కలో ఇదే తెలివైన బేరం.

ఫిలిప్పీన్స్‌కు 1946లో స్వాతంత్ర్యం వచ్చింది. ప్లాట్ సవరణ 1934లోనే పోయినా, 1903లో కౌలుకు తీసుకున్న క్యూబాలోని గ్వాంటనామో రేవు ఇప్పటికీ అమెరికా చేతిలోనే ఉంది.