ఆరేళ్ళు వాడాక నా స్పాటింగ్ స్కోప్ గురించి

విజయవాడలో నేను రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంగిన రకం) పట్టి ఎనిమిదేళ్ళయింది. బాణం టార్గెట్ మీద ఎక్కడ పడిందో నిలబడిన చోటినుంచే చూసుకునే చిన్న దూరదర్శినిని స్పాటింగ్ స్కోప్ అంటారు. అందులో ఆరేళ్ళుగా ఒకటే వాడుతున్నాను. 20-60×60, అంటే 20 నుంచి 60 రెట్లు పెంచి చూపేది, ముందు లెన్స్ వెడల్పు 60 మిల్లీమీటర్లు. కంటి దగ్గర 45 డిగ్రీల వంపు ఉన్న రకం. ట్రైపాడ్ కాకుండా అప్పట్లో 14,000 రూపాయలు పెట్టాను. ఇప్పుడు మా అమ్మాయికి ఇంకొకటి కొనాలి. ఈసారి అన్నీ అవే చూసి కొనను.

మొదటి రెండేళ్ళు 10×50 బైనాక్యులర్‌తో నెట్టుకొచ్చాను. రికర్వ్ విల్లు మీద గురి చూసుకునే సైట్‌కు లెన్స్ పెట్టుకోవడానికి నియమాలు ఒప్పుకోవు కాబట్టి 70 మీటర్ల అవతల బాణం ఎక్కడ పడిందో చూడడానికి వేరే సాధనం ఉండాల్సిందే. కానీ విల్లు దించి, బైనాక్యులర్ ఎత్తి, వణికే చేతులతో వెతికేలోపు నేను నిలబడిన తీరే మారిపోయేది. తర్వాతి బాణం ఎటో పోయేది.

స్కోప్ కొనేటప్పుడు 60 అన్న అంకె చూసి మురిసిపోయాను. ఈ ఆరేళ్ళలో 30 దాటించి చూసింది చాలా తక్కువ. 20 రెట్లు పెడితే 70 మీటర్ల దూరంలో ఉన్నది మూడున్నర మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. 122 సెంటీమీటర్ల టార్గెట్ మీద బాణం ఏ వలయంలో, ఏ దిక్కున ఉందో తెలుసుకోవడానికి అది చాలు. గీత తాకిందా లేదా అన్నది ఎలాగూ టార్గెట్ దగ్గరికి వెళ్ళాకే తేలుతుంది.

పైగా రెట్లు పెంచేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. ముందు లెన్స్ వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి వచ్చే వెలుతురు వలయం ఎంతో తెలుస్తుంది. 60ని 20తో భాగిస్తే 3 మిల్లీమీటర్లు, 60తో అయితే ఒక్కటే. సాయంత్రం ఐదున్నరకి ఆ ఒక్క మిల్లీమీటరులో మసక తప్ప ఏమీ కనిపించదు. ఇక మన ఎండల సంగతి. ఏప్రిల్‌లో తొమ్మిది దాటితే నేల మీది సెగకు 45 రెట్లలో బాణాలు నీళ్ళలో ఉన్నట్టు ఊగుతాయి. లెన్స్ ఎంత మంచిదైనా ఆ సెగను ఆపలేదు.

నాకు రెట్లకన్నా ఎక్కువ ఉపయోగపడింది నాక్‌ల (బాణం వెనక కొసన వింటినారికి తగిలించే ముక్కల) రంగు. పాత బాణాలకు నల్ల నాక్‌లుండేవి. నల్ల వలయంలో పడితే ఎంత పెంచినా వెతుక్కోవాలి. గులాబీ రంగువి పెట్టాక 20 రెట్లలోనే లెక్కపెట్టగలుగుతున్నాను.

ఆరేళ్ళ తర్వాత కూడా నేను గట్టిగా చెప్పేది వంపు గురించే. పోటీల్లో స్కోప్ పైభాగం విలుకాడి చంక ఎత్తు దాటకూడదన్నది నియమం. అంత ఎత్తులో తిన్నని స్కోప్ పెడితే ప్రతిసారీ నడుము వంచాలి. ఒకసారి అలాంటిది అరువు తెచ్చుకుని 72 బాణాలు వేశాను. యాభై దాటేసరికి నడుము పట్టేసింది, కాళ్ళు చోటు మారుతున్నాయి, ఒకే చోట గుంపుగా పడాల్సిన బాణాలు చెదిరిపోయాయి. వంపు స్కోప్ అయితే బాణం వేయడానికి నిలబడే లైన్‌కు కాస్త ముందు, నా ఛాతీ వైపు పెట్టుకుంటాను. పాదాలు కదపకుండా తల కొంచెం దించితే చాలు. ఎత్తు తేడా ఉన్న ఇద్దరు పంచుకోవడానికీ అదే సుఖం.

కళ్ళద్దాలున్నవాళ్ళు కంటికీ లెన్స్‌కూ మధ్య కనీసం 15 మిల్లీమీటర్ల దూరం దొరుకుతుందో లేదో చూసుకోవాలి. లేకపోతే చిత్రం అంచులు కనిపించవు. ట్రైపాడ్ దగ్గర నేను డబ్బు మిగుల్చుకోబోయాను. తేలికది కొంటే గాలికి ఒకసారి స్కోప్‌తో సహా పడిపోయింది, కంటి రబ్బరు చిరిగింది. అప్పటినుంచి నడిమి కడ్డీకి బ్యాగు వేలాడదీస్తున్నాను.

నాలుగో ఏడాది వానాకాలంలో తడిసిన సంచిలోనే వదిలేశాను. లోపలి లెన్స్ అంచున బూజు పట్టింది. కెమెరాలు బాగుచేసే ఆయన శుభ్రం చేశారు కానీ సన్నటి మచ్చ మిగిలిపోయింది. ఇప్పుడు సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడుతున్నాను. నైట్రోజన్ నింపి సీలు చేసినది అప్పుడే కొని ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

స్కోప్ వల్ల ఒక చెడు అలవాటు కూడా వచ్చింది. ప్రతి బాణం చూసి సైట్ తిప్పడం. "బాణం ఎటు పోతే సైట్ అటు జరపాలి, నిజమే. కానీ ఆరూ పడనివ్వు నాయనా, అప్పుడు జరుపు" అని మాస్టారు ఎన్నిసార్లు చెప్పారో. ఇప్పుడు మూడో బాణం తర్వాత ఒకసారి, ఆరో బాణం తర్వాత ఒకసారి చూస్తాను.

2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మా ఊరి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచారు. అది చూశాకే మా అమ్మాయి ఆవిడ వాడే కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలుండే రకం) పట్టింది. దానిది 50 మీటర్లు, 80 సెంటీమీటర్ల టార్గెట్, పది వలయం 8 సెంటీమీటర్లే. దూరం తగ్గింది కాబట్టి దానికీ 20 రెట్లు సరిపోతాయి. తనకు 15-45×65, వంపుది, సీలు చేసినది చూస్తున్నాను. దుకాణంలో గోడ మీది క్యాలెండర్ చూసి తీసుకోవడం కాదు, ఉదయం పది తర్వాత మైదానానికి తెచ్చి, టార్గెట్‌లో బాణాలు పెట్టి చూపించమని అడుగుతాం.