మార్కాన్షియా స్లైడ్ల సెట్టు: నాలుగింట్లో మూడు బాగున్నాయి

మార్కాన్షియా అనే లివర్‌వర్ట్ (తడినేల మీద పరుచుకుని పెరిగే, పూలు లేని చిన్న మొక్క) పునరుత్పత్తి చూపించే ఈ సెట్టులో ముందు తీయాల్సింది జెమ్మా కప్పు నిలువుకోత. జెమ్మాలంటే విడిపోయి కొత్త మొక్కలయ్యే చిన్న పచ్చని బిళ్లలు; అవి పుట్టే గిన్నే ఈ కప్పు. కప్పు అడుగున ఒంటికణం కాడ మీద నిలిచిన జెమ్మాలు, పక్కనే ఇంకా ఎదుగుతున్న చిన్నవి, 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌లోనే తేటగా కనిపిస్తాయి. అయితే జెమ్మాకు రెండు పక్కలా ఉండే నొక్కులు కోతలో దొరకవు. వాటికి విడి జెమ్మాను నీటిచుక్కలో పరిచి చూడాల్సిందే.

పురుషబీజాశయాల (పురుషబీజాలు తయారయ్యే సంచుల) స్లైడు కూడా బాగుంది. మగమొక్క కాడ చివరి పళ్లెం పైభాగంలో గుంటకొకటి చొప్పున అవి కూర్చుని ఉంటాయి.

తేడా కొట్టింది స్త్రీబీజాశయాల (అండం ఉండే, సీసా ఆకారపు భాగాల) దగ్గరే. కోత ఏటవాలుగా పడి, మెడ ఒకచోట, అండం ఉన్న ఉబ్బు ఇంకోచోట తెగిపోయాయి. మెడ కాలువ గుండా పురుషబీజం నీటిలో ఈదుకుంటూ లోపలికి చేరే దారే ఈ స్లైడు అసలు ప్రయోజనం. అదే లేకపోతే ఎందుకు? ఒక మాట: స్త్రీబీజాశయాలు ఆడమొక్క కాడ చివరి గొడుగు కింద మెడ కిందికి పెట్టి వేలాడతాయి. మైక్రోస్కోపు బొమ్మను తిప్పేస్తుంది కాబట్టి పైకి చూస్తున్నట్టు అనిపించవచ్చు. కాడ ఎటుందో చూసి పోల్చుకోండి.

సిద్ధబీజదం (ఫలదీకరణ తర్వాత ఎదిగి సిద్ధబీజాలను తయారుచేసే భాగం) స్లైడులో పాదం, పొట్టి కాడ, గుళిక మూడూ ఉన్నాయి. 40ఎక్స్‌లో ఎలేటర్ల (సిద్ధబీజాలు చెదరడానికి తోడ్పడే సన్నని పోగుల) మరమేకు చుట్లు ముచ్చటగా కనిపిస్తాయి. అంచు నల్లగా మందంగా ఉన్న గుండ్రాలు సిద్ధబీజాలు కావు, గాలిబుడగలు.