పొడిబారిన కళ్లకు చుక్కల మందు: పేరు కన్నా చిన్న అక్షరాలు ముఖ్యం

రోజంతా కంప్యూటర్ తెర ముందు పనిచేసే నాకు సాయంత్రానికల్లా కళ్లలో నలుసు పడినట్టు కిరకిరలాడటం, మంట పుట్టడం, ఒక్కోసారి ధారగా నీళ్లు కారడం చాలాకాలంగా ఉన్న బాధ. పొడిబారిన కంట్లోంచి నీళ్లు కారడమేమిటని సందేహం కలగవచ్చు. కంటి ఉపరితలం ఎండి చికాకు పడినప్పుడు అశ్రుగ్రంథి ఒక్కసారిగా నీటిని వదులుతుందని, అయితే ఆ నీరు కంటిని అంటిపెట్టుకుని ఉండదని పరీక్షించిన వైద్యురాలు వివరించారు. కంటిని తడిగా ఉంచే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే పదార్థం 0.5 శాతం ఉన్న చుక్కలు రాశారు. ఈ సమీక్ష ప్రధానంగా వాటి గురించే.

ఈ మందు పలచగా ఉంటుంది. వేసిన కొద్ది క్షణాలకే మంట తగ్గుతుంది, చూపు దాదాపుగా మసకబారదు కాబట్టి పని మధ్యలో వేసుకోవడానికి ఇబ్బంది లేదు. అయితే ఉపశమనం ఎక్కువసేపు నిలవదు, పని ఒత్తిడిగా ఉన్న రోజుల్లో మళ్లీ మళ్లీ వేసుకోవలసి వస్తుంది. ఇదే పదార్థం 1 శాతం ఉన్న చిక్కటి రకం ఎక్కువసేపు పనిచేస్తుంది గానీ, వేసిన తర్వాత కాసేపు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి కనుక దాన్ని పడుకునే ముందు వాడటమే మేలు. పాలిఇథిలీన్ గ్లైకాల్, ప్రొపిలీన్ గ్లైకాల్‌లతో పాటు గోరుచిక్కుడు గింజల నుంచి వచ్చే జిగురు కలిసిన రకాన్నీ వాడి చూశాను. కంటి మీద పడ్డాక అది కొంచెం చిక్కబడుతుంది కాబట్టి నాకు మరికాస్త ఎక్కువసేపు హాయిగా అనిపించింది. సోడియం హైఅలురొనేట్ ఉన్నవి తేమను బాగా పట్టి ఉంచుతాయి. వీటన్నిటి మధ్య తేడా ఉన్నమాట నిజమే గానీ, ప్రకటనలు చెప్పేంత లేదు.

అసలు తేడా నిల్వ కోసం కలిపే పదార్థంలో ఉంది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు చూసి కొనేవారు చాలామంది దాన్ని చదవరు. బెంజాల్కోనియం క్లోరైడ్ సీసాలో సూక్ష్మజీవులు పెరగకుండా కాపాడుతుంది గానీ, తరచూ వాడితే కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పైపొర కణాలను దెబ్బతీస్తుంది, అంటే ఏ బాధకు మందు వేస్తున్నామో ఆ బాధనే పెంచవచ్చు. కంట్లో పడ్డాక ఉప్పు, నీరుగా విడిపోయే స్టెబిలైజ్డ్ ఆక్సీక్లోరో కాంప్లెక్స్ అనే మరో నిల్వ పదార్థం దానికన్నా చాలా సౌమ్యం. రోజుకు నాలుగైదు సార్లకు మించి వేసుకోవలసినవారికి నిల్వ పదార్థమే లేని రకం తగినది. అది ఒక్కసారికే వాడి పారేసే చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తుంది. ఆ గొట్టాల మూత తిప్పి తెంపడం వణికే చేతులకు కష్టం, తెంపిన అంచు గరుకుగా ఉంటుంది, పోగయ్యే ప్లాస్టిక్ చెత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా ఈ ఇబ్బందులన్నీ భరించదగినవే. శుభ్రత విషయంలో మాత్రం రాజీ కూడదు: 2023లో అమెరికాలో కలుషితమైన కృత్రిమ కన్నీటి చుక్కల వల్ల సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ సోకి కొందరు చూపు కోల్పోయారు.

వేసుకునే తీరు మీద కూడా ఫలితం ఆధారపడుతుంది. కింది రెప్పను మెల్లగా లాగి, ఏర్పడిన సందులో ఒక్క చుక్క వేసి, కళ్లు బిగించకుండా కాసేపు మూసుకుంటే చాలు. ఒక చుక్కే కంటి సామర్థ్యానికి మించినది, రెండోది చెంప మీదికే పోతుంది. సీసా కొన కంటికి గానీ వేలికి గానీ తగలకూడదు. మామూలు సీసాను తెరిచిన తేదీ దాని మీదే రాసుకుని, సాధారణంగా నెల దాటాక పారేయాలి. వేరే చుక్కల మందు కూడా ఉంటే రెండింటి మధ్య కనీసం అయిదు నిమిషాల వ్యవధి ఇవ్వాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు, లెన్సుల మీద వేయవచ్చని పెట్టె మీద స్పష్టంగా ఉంటే తప్ప, వాటిని తీసి చుక్కలు వేసుకుని పావుగంట ఆగాలి.

ఈ మందు చేయలేని పనులూ ఉన్నాయి. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు కొట్టుకునే రెప్పలు తెర చూస్తున్నప్పుడు చాలా తక్కువసార్లు కొట్టుకుంటాయి, ఆ అలవాటును ఏ చుక్కా మార్చదు. రెప్పల అంచున ఉండే మైబోమియన్ గ్రంథులు మూసుకుపోయి కన్నీటి మీది నూనె పొర తగ్గినవారికి గోరువెచ్చని కాపడం కూడా అవసరమవుతుంది. శరీర రోగనిరోధక శక్తే కన్నీటి గ్రంథులను దెబ్బతీసే షోగ్రెన్ జబ్బు వంటివి ఉన్నవారికి వైద్యులు ఆ దాడిని తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు రాయవచ్చు. నొప్పి, చూపు తగ్గడం, పుసి ఉంటే ఇలాంటి చుక్కలతో కాలక్షేపం చేయకూడదు. ఇక ఎరుపు తగ్గిస్తామనే నాఫజోలిన్ వంటి చుక్కలు కూడా ఇలాంటివేనని అనుకోవద్దు, అవి రక్తనాళాలను బిగించి కంటిని తెల్లగా చూపిస్తాయే గానీ తడి ఇవ్వవు, రోజూ వాడితే ఎరుపు మరింతగా తిరిగి వస్తుంది.

నా మటుకు పగలు నిల్వ పదార్థం లేని 0.5 శాతం చుక్కలు, రాత్రి చిక్కటి రకం వాడుతున్నాను. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ తరచూ వేసుకోవలసి రావడం వల్ల.