మోలార్ ద్రవ్యరాశి సిరంజీ కిట్: మంచి త్రాసు ఉంటేనే కొనండి

ఒక మోల్ (నిర్ణీత సంఖ్యలో అణువులు) వాయువు ఎన్ని గ్రాములు తూగుతుందో, అంటే దాని మోలార్ ద్రవ్యరాశి ఎంతో, కొలిచే కిట్ ఇది. పెట్టెలో ఉండేవి కొన్నే. 60 మి.లీ. ప్లాస్టిక్ సిరంజీ, మూతికి బిగించే స్టాప్‌కాక్ (చిన్న కుళాయి), ప్లంజర్ (లోపల జరిగే దట్టా) కాడకు వేసిన రంధ్రంలో దూర్చే ఉక్కు మేకు, వాయువు పట్టే సంచి. ఇంటర్, డిగ్రీ ల్యాబులకు బాగా పనికొస్తుంది. కానీ 0.001 గ్రా. వరకు చూపే త్రాసు లేకపోతే డబ్బు దండగే. 60 మి.లీ. కార్బన్ డయాక్సైడ్ తూగేది సుమారు 0.1 గ్రా. 0.01 గ్రా. త్రాసు ఒక్క అంకె అటూ ఇటూ అయితే జవాబు 4 మారిపోతుంది. నైట్రోజన్‌కీ ఆక్సిజన్‌కీ ఉన్న తేడా అంతే!

కిట్‌కు ప్రాణం ఆ మేకే. స్టాప్‌కాక్ మూసి, ప్లంజర్‌ను 60 దాకా లాగి, మేకు దూర్చి శూన్యాన్ని తూచాలి. తర్వాత రెండుమూడు సార్లు వాయువుతో కడిగి, నింపి, మేకుతోనే మళ్లీ తూచాలి. రెండు తూకాల తేడాయే వాయువు బరువు. రెండుసార్లూ బయటి ఘనపరిమాణం ఒకటే కనుక గాలి ఉత్ప్లవనం (సిరంజీని గాలి పైకి నెట్టే బలం) లెక్కలోంచి పోతుంది. ప్లంజర్‌ను సున్నా దగ్గర ఉంచి తూచినవాళ్లకు కార్బన్ డయాక్సైడ్ 15 చూపిస్తుంది, 44 కాదు.

శూన్యాన్ని తూచాక మేకు తీసి ప్లంజర్‌ను మెల్లగా వదలండి, గట్టిగా పట్టుకునే. దాని మీద దాదాపు 6 కిలోల బలం ఉంటుంది. సున్నా దగ్గరికి రాకపోతే రబ్బరు పక్కనుంచి గాలి చొరబడుతున్నట్టు. ఒక చుక్క సిలికాన్ నూనె చాలు.

కిట్‌తో వచ్చే కాగితం పీడనాన్ని 1 అట్మాస్ఫియర్ వేసుకోమంటుంది. విశాఖలో నడుస్తుంది, హైదరాబాద్‌లో నడవదు. అక్కడ ఎత్తు 500 మీ. పైనే, అసలు పీడనం 0.94 దగ్గర. సూత్రం: మోలార్ ద్రవ్యరాశి = సాంద్రత × 0.0821 (వాయు స్థిరాంకం) × కెల్విన్ ఉష్ణోగ్రత ÷ పీడనం. 30 డిగ్రీల దగ్గర 0.100 గ్రా. వస్తే సాంద్రత లీటరుకు 1.667 గ్రా. 0.94 వేస్తే 44.1, 1 వేస్తే 41.5. వాతావరణ వార్తల్లోని పీడనమూ వద్దు, అది సముద్రమట్టానికి సరిచేసిన అంకె. బారోమీటర్ ఉన్న ఫోన్ అయితే నేరుగా అక్కడి పీడనమే చూపుతుంది.

ఆరబెట్టే గొట్టం మాత్రం పెట్టెలో లేదు, ఇది పెద్ద లోపం. పాలరాయి, ఆమ్లంతో తీసిన కార్బన్ డయాక్సైడ్‌లో 30 డిగ్రీల దగ్గర 4 శాతం దాకా నీటి ఆవిరి ఉండి జవాబు 43కు జారుతుంది. కాల్షియం క్లోరైడ్ నింపిన గొట్టం విడిగా కొనుక్కోవాలి.

లైటర్ గ్యాస్‌కు 58 (బ్యూటేన్ అంకె) కన్నా తక్కువ వస్తే కిట్‌ను తిట్టకండి, అందులో అంతకన్నా తేలికైన ప్రొపేన్ కలిసి ఉండొచ్చు. హైడ్రోజన్ జోలికి పోవద్దు. 60 మి.లీ.కి 5 మిల్లీగ్రాములు కూడా తూగదు.